పావ్లోవ్ కుక్కలకు మనాది ఎందుకొచ్చింది?

టెట్‌కు, డీఎస్సీకి సదివినోళ్లను ఎవరినన్న అడుగుండ్రి, పావ్లోవ్ పేరు టక్కున చెప్తరు. శాస్త్రీయ నిబంధనం, కుక్క, గంట, లాలాజలం. నిబంధిత ఉద్దీపన ఏది, నిర్నిబంధిత ఉద్దీపన ఏది అని ఒక బిట్టు. విలుప్తీకరణం మీద ఇంకో బిట్టు. నేను సుత గట్లనే సదివిన. గైడుల బొమ్మ ఇప్పటికీ యాదికున్నది. ఒక దిక్కు గంట, ఒక దిక్కు కుక్క, దాని నోట్లకెల్లి కారే చుక్కలు. గంతే, పేజీ తిప్పుతం, థారన్‌డైక్ పిల్లి దగ్గరికి పోతం.

కని గా బొమ్మల లేని ముచ్చట ఒకటున్నది. పావ్లోవ్ కుక్కలల్ల కొన్నిటికి మతి చెదిరింది. వాటిని ఎవరూ కట్టెలతోని కొట్టలే, తిండి బంద్ వెట్టలే. అయినా అవి ఒర్లినయి, కట్టేసిన పట్టీలు కొరికినయి, నేర్చిందంత మర్చిపోయినయి. ఎందుకట్ల అయింది అని ఆలోచించుకుంట పోయి పావ్లోవ్ ఎనభై ఏండ్లు దాటినంక సుత మానసిక రోగుల దవాఖాన్ల చుట్టూ తిరిగిండు. ఆయన బతుకుల నాకు అన్నిటికన్న పెద్దగ కనవడే సంగతి గిదే. రంది పెట్టుకొని నిద్ర పట్టక పొర్లే పోరగాళ్లు మన ఊర్లల్ల ఎంతమంది లేరు? గా కుక్కల కథ వాళ్లకు తెల్వాలె. అందుకే రాస్తున్న.

ఇవాన్ పావ్లోవ్ 1849ల రష్యాల రియజాన్ అనే ఊర్ల పుట్టిండు. నాయిన చర్చి పూజారి. ఇంటికి పెద్ద కొడుకు. తోటల పనిచేసుడు, ఇంట్ల సాయం చేసుడు చిన్నప్పటి నుంచి అలవాటు. పసితనంల ఎత్తుమీదికెల్లి రాళ్ల నేల మీద పడి గట్టి దెబ్బలు తాకినయి. దాంతోని బడి మొకం చూసేసరికి పదకొండేండ్లు వచ్చినయి. పూజారి కొడుకు పూజారే కావాలె అన్నది ఆ కాలం పద్ధతి. ఈయనను సుత మత పాఠశాలకే తోలిండ్రు.

అక్కడనే ఆయన చేతికి రెండు రకాల పుస్తకాలు దొరికినయి. ఒకటి పీసరెవ్ అనే రచయిత రాసిన వ్యాసాలు. రెండోది సెచెనోవ్ అనే శాస్త్రవేత్త 1863ల అచ్చేసిన మెదడు ప్రతిచర్యల పుస్తకం. మనిషి ఆలోచనను సుత ఒంట్లె జరిగే పని లెక్కనే సదువొచ్చు అన్నది సెచెనోవ్ మాట. గా మాట పావ్లోవ్ నెత్తిల పడ్డది, మళ్ల బయటికి పోలే. 1870ల పూజారి సదువు నడిమిట్ల ఇడిసిపెట్టి సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీల సైన్సుల చేరిండు. తర్వాత వైద్యం సుత సదివిండు.

ఇగ తిప్పలు మొదలైనయి. 1881ల సెరాఫిమా అనే టీచరమ్మను పెండ్లి చేసుకున్నడు. పైసలు లేవు, పక్కా కొలువు లేదు. మొదలు పుట్టిన బాబు పసికందుగనే పోయిండు. ఇల్లు కిరాయి కట్టే తాహతు లేక కొన్ని దినాలు ఆలుమొగలు వేరువేరుగ ఉన్నరు. ఆయన కష్టం చూడలేక తోటోళ్లు కొన్ని పైసలు జమ చేసిస్తే, వాటితోని సుత ప్రయోగాలకు కుక్కలు కొన్నడని చెప్పుకుంటరు. నలభై దాటినంకనే కుదురుకున్నడు. 1890ల మిలిటరీ మెడికల్ అకాడమీల ప్రొఫెసర్ అయిండు, 1891ల ప్రయోగ వైద్య సంస్థల శరీరధర్మశాస్త్ర విభాగానికి పెద్ద అయిండు.

ఆయన మొదట పట్టుకున్నది మెదడు గాదు, కడుపు. తిన్న బువ్వ ఎట్ల అరుగుతది, ఏ రసం ఎప్పుడు ఊరుతది అన్నది చూసిండు. అప్పటిదాంక జంతువును కోసి, అది సావుబతుకుల మధ్యల కొట్టుకుంటుంటే చూసేటోళ్లు. పావ్లోవ్‌కు గది నచ్చలే. శుభ్రమైన ఆపరేషన్ గదిల, మత్తు ఇచ్చి, ఓ చిన్న దారి చేసి, కుక్క కోలుకున్నంక అది మంచిగ తిరుక్కుంట ఉన్నప్పుడు దాని లోపలి పని చూసేటోడు. ఈ పనితనం కుదరక ముందు మస్తు కుక్కలు సచ్చిపోయినయి. అది దాస్తే దాగేది గాదు. 1897ల జీర్ణ గ్రంథుల మీద పుస్తకం అచ్చయింది, 1904ల నోబెల్ బహుమతి వచ్చింది. రష్యాకు వచ్చిన మొదటి నోబెల్ అదే.

గా పనిల ఉన్నప్పుడే ఒక గమ్మతి కండ్లవడ్డది. బువ్వ నోట్లె పడక ముందే, తెచ్చే మనిషి అడుగుల సప్పుడు ఇనంగనే కుక్కకు లాలాజలం కారుతున్నది. మొదట్ల గిది ప్రయోగానికి అడ్డం అనుకున్నరు. తర్వాత ఇదే అసలు సరుకని పావ్లోవ్‌కు తట్టింది. కుక్క చెంప బయటికి సన్న దారి తీసి, లాలాజలం చుక్కలను లెక్కవెట్టుడు మొదలువెట్టిండ్రు. మనం గైడుల సదివే గంట అక్కడ పెద్దగ వాడలే. మెట్రోనోమ్ అనే టిక్కుటిక్కు యంత్రం, బజరు, దీపం, తోలు మీద తాకుడు, గివి ఎక్కువ వాడిండ్రు.

ఇంకో సంగతి జెర మనసుల పెట్టుకోండ్రి. 1903ల మాడ్రిడ్ నగరంల జరిగిన వైద్య మహాసభల ఈ పని గురించి మొదటిసారి లోకానికి చెప్పినప్పుడు, ఆయన ప్రసంగం పేరులనే జంతువుల మనస్తత్వంతోని పాటు జంతువుల మనోరుగ్మత అన్న మాట సుత ఉన్నది. జంతువుకు సుత మనసు చెడిపోతదా, చెడిపోతే దాన్ని లెక్కవెట్టి చూడొచ్చా అన్న ప్రశ్న అప్పటికే ఆయన లోపల ఉన్నదన్నట్టు. దానికి జవాబు మాత్రం పదేండ్ల తర్వాత దొరికింది.

గా జవాబు ఇచ్చింది షెంగెర్-క్రెస్తోవ్నికోవా అనే ఆమె, పావ్లోవ్ లాబుల పనిచేసే శాస్త్రవేత్త. 1914 సంగతి. కుక్కను స్టాండుకు పట్టీలతోని నిలవెడ్తరు. ముందట తెర మీద గుండ్రటి వెలుగు పడితే తిండి వస్తది. కోడిగుడ్డు లెక్క సాగిన గుండ్రం పడితే తిండి రాదు. టెట్ భాషల చెప్పాలంటే ఇది విచక్షణ. సాగిన గుండ్రం పొడుగు వెడల్పుకు రెండింతలు ఉన్నప్పుడు కుక్క తేడా అలకగ పట్టింది. గుండ్రం చూస్తే లాలాజలం, సాగింది చూస్తే ఏం లేదు. ఇగ ఆమె దినాం కొద్దికొద్దిగ సాగుడు తగ్గించుకుంట పోయింది. ఆఖరికి పొడుగు వెడల్పుల నిష్పత్తి తొమ్మిదికి ఎనిమిది దాంక వచ్చింది. అంటే ఏది గుండ్రమో ఏది గుడ్డో గుర్తు పట్టుడు కష్టమైన జాగ.

మొదట్ల కుక్క ఎట్లనో అట్ల పట్టింది. కని మూడు వారాలు గట్లనే నడిపేసరికి దాని లెక్క తప్పుడు మొదలైంది. తర్వాత కుక్కే మారిపోయింది. అప్పటిదాంక సప్పుడు చేయకుండ నిలవడే కుక్క కుయ్‌కుయ్ అని ఒర్లింది, గింజుకున్నది, ఒంటికి కట్టిన సామాను పండ్లతోని పీకింది, రబ్బరు గొట్టాలు కొరికింది. గదిలకు తోలుకపోతేనే మొరుగుడు. అంతకన్న పెద్ద సంగతి, ఒకప్పుడు అలకగ పట్టిన రెండింతల తేడా సుత ఇప్పుడు దానికి కనవడుత లేదు. వచ్చిన విద్య సుత పోయింది.

ఈడ జెర ఆగుండ్రి. ఆ కుక్క ఏ తప్పు చేసింది? తిండి లేకనా, దెబ్బలు తినా? రెండూ కావు. తేల్చుకోలేని సంగతిని దినాం తేల్చమన్నరు. తప్పించుకొని పోదామంటే పట్టీలు ఉన్నయి. దొరుకుతదన్న ఆశ ఒక దిక్కు, దొరకదన్న భయం ఒక దిక్కు, రెండూ ఒక్కసారే మెదడును చెరోపక్క గుంజినయి. పావ్లోవ్ దీన్ని ప్రేరేపణకు, నిరోధానికి మధ్యల జరిగిన ఢీ అన్నడు. గిట్ల పుట్టిన జబ్బుకు ప్రయోగాత్మక న్యూరోసిస్ అని పేరు పడ్డది. మానసిక జబ్బును జంతువుల కావాలని పుట్టించి, కొలిచి, నయం చేసే తొవ్వ వెతికిన మొదటి పనులల్ల ఇది ఒకటి.

నయం సుత అయింది. ఆమె మళ్ల మొదటికి వచ్చి, అలకటి రెండింతల తేడా కాడికెల్లి షురూ చేసింది. ఈసారి ఇంకా మెల్లగ నడిపింది. కుక్క మెల్లమెల్లగ నిమ్మలపడ్డది. ఈ ముక్క గుర్తుంచుకోండ్రి, దీనితోని మనకు ఆఖర్ల పని ఉన్నది.

అంతల దేశమే తలకిందులైంది. మొదటి ప్రపంచ యుద్ధం, 1917 విప్లవం, అంతర్యుద్ధం, కరువు. లాబుల కరెంటు లేదు, సలికి కట్టెలు లేవు. కుక్కలు ఆకలికి సచ్చినయి. నోబెల్ వచ్చిన ముసలాయన సంస్థ జాగల కూరగాయలు పండించుకున్నడు. ఆ బహుమతి పైసలు సుత విప్లవంల కొట్టుకపోయినయి. విక్టర్ అనే కొడుకు 1919ల జబ్బు జేసి పోయిండు. ఇంకో కొడుకు వ్సెవొలోద్ కొత్త సర్కారుకు ఎదురు నిలిచిన సైన్యంల ఉండి దేశం ఇడిసిపెట్టి పోవాల్సి వచ్చింది. పావ్లోవ్ తను సుత దేశం దాటిపోతా అని సర్కారుకు అర్జీ పెట్టుకున్నడు. లెనిన్ పోనియ్యలే. 1921 జనవరిల ఆయన పరిశోధనకు కావాల్సినవన్ని ఇయ్యాలె అని ఉత్తర్వు తీసిండు.

సర్కారు సొమ్ముతోని పనిచేసినా, సర్కారుకు తలవంచలే. 1924ల పూజారుల పిల్లలను కాలేజీల నుంచి ఎల్లగొడుతుంటే, నేను సుత పూజారి కొడుకునే అని చెప్పి అకాడమీల కొలువుకు రాజీనామా చేసిండు. 1934ల జనాన్ని భయపెట్టి ఏలుడు తప్పని నేరుగ సర్కారుకే ఉత్తరం రాసిండు. అప్పుడు గట్ల రాసినోళ్లు బతికి బట్టకట్టుడే కష్టం. ఆయనకున్న పేరు ఆయనను కాపాడింది. అందరికీ గా కవచం ఉండదు.

అదే 1924ల, సెప్టెంబర్ 23 నాడు, లెనిన్‌గ్రాడ్‌ల నెవా నది పొంగింది. ఆ ఊరు చూసిన పెద్ద వరదలల్ల అది ఒకటి. కుక్కలుండే కొట్టాలల్లకు నీళ్లు వచ్చినయి. లాబు మనుషులు గాలివానల, వరద నీళ్లల్ల కుక్కలను ఈదించుకుంట పెద్ద బిల్డింగుకు చేర్చిండ్రు. కుక్కలు బతికినయి. కని కొన్ని దినాలకు లాబుల వాటిని నిలవెడితే, కొన్ని కుక్కలు ఎన్నో ఏండ్లు నేర్చిందంత పోగొట్టుకున్నయి.

ఒక కుక్క సంగతి మరీ ఘోరం. చాన దినాలకు, మస్తు ఓపిక పడితే, పాత అలవాట్లు మళ్ల వచ్చినయి. నయమైంది అనుకున్నరు. అప్పుడు పరీక్ష కోసం గది తలుపు కిందికెల్లి సన్నగ నీళ్లు పారిచ్చిండ్రు. కుక్క ఎగిరిపడ్డది. తలుపు దిక్కు గుడ్లు తేలేసి చూసింది, వణికింది, తిండి ముట్టలే. నేర్చింది మళ్ల పోయింది. వరద బయట తగ్గిపోయింది, కుక్క లోపల తగ్గలే.

పెద్ద ప్రమాదంల బతికిబయటపడ్డోళ్లు, యుద్ధం చూసినోళ్లు, ఇంట్ల కండ్ల ముందట సావు చూసినోళ్లు ఎన్నో ఏండ్లకు సుత చిన్న సప్పుడుకు ఉలిక్కిపడుడు మనం చూస్తం. ఇప్పుడు దాన్ని పీటీఎస్‌డీ అంటున్నరు. ఈ పేరు అమెరికా మనోవైద్యుల పుస్తకంల ఎక్కింది 1980ల. పావ్లోవ్ కుక్క గదే బాధను 1924ల నోరు లేకున్నా చెప్పింది.

ఇంకోటి సుత చెప్పింది. వరద అన్ని కుక్కల మీదికి ఒక్క తీరుగనే వచ్చింది, కని అన్ని కుక్కలు పడిపోలే. కొన్నిటికి ఏం కాలే. ఎందుకు? పావ్లోవ్ దీన్ని ఎన్నో ఏండ్లు పట్టి చూసిండు. కుక్కల నాడీ తీరును నాలుగు రకాలుగ పంచిండు. గట్టియి, అదుపు లేనియి. గట్టియి, హుషారుయి. గట్టియి, నిమ్మలమైనయి. సుకుమారంగ ఉండేటియి. మొదటియి, ఆఖరియి జల్ది దెబ్బతింటయి. అదుపు లేనిది పడితే మీద పడి కరుస్తది, సుకుమారం పడితే మూలకు ముడుచుకుంటది. జబ్బు ఒక్కటే, మొకాలు రెండు. మన ఇండ్లల్ల సుత చూడుండ్రి, మనాది పట్టిన ఒకడు లొల్లి పెట్టుకుంటడు, ఇంకొకడు ముసుగు తన్ని పండుకుంటడు. మనం ఒకనికి పొగరంటం, ఇంకొకనికి బద్ధకం అంటం.

మందు సంగతి సుత కుక్కలే నేర్పినయి. మరియా పెట్రోవా అనే వైద్యురాలు పావ్లోవ్‌తోని కలిసి ఏండ్లకేండ్లు ఈ జబ్బు కుక్కల మీదనే పనిచేసింది. విశ్రాంతి ఇచ్చి, బ్రోమైడ్ అనే మందు ఏసి చూసిండ్రు. అందరికీ ఒక్కటే మోతాదు పనిచేయదని తేలింది. గట్టి కుక్కకు పనిచేసే మోతాదు సుకుమారమైన కుక్కను ఇంకా పాడు చేసింది. దానికి చాన తక్కువ ఏస్తేనే నయమైంది. బ్రోమైడ్ ఒంట్లె జమ అయితే విషం లెక్క పనిచేస్తది, అందుకే ఇప్పుడు మానసిక జబ్బులకు దాన్ని వాడుడు బందైంది. కని మనిషిని చూసి మోతాదు కట్టాలె అన్న పాఠం మాత్రం నిలిచింది. పక్కింటోనికి పనిచేసిన గోలీ తెచ్చి మనం ఏసుకునుడు ఎందుకు తప్పో గా కుక్కలను అడుగుండ్రి.

లాబుల చూసింది మనుషులల్ల నిజమేనా? అది తెలుసుకునేటందుకు పావ్లోవ్ 1918 ఎండకాలంలనే ఉదెల్నయా మానసిక దవాఖానకు పోయి రోగులను చూసుడు మొదలువెట్టిండు. 1930ల తర్వాత ఆయన పనికి జోడుగ నరాల జబ్బులకు, మానసిక జబ్బులకు వార్డులు ఏర్పాటైనయి. బుధవారం బుధవారం డాక్టర్లతోని కూసొని ఒక్కొక్క రోగి సంగతి మాట్లాడేటోడు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. ఆ వయసుల, నోబెల్ జేబుల ఉన్నోడు, కొత్తగ బడిలకు వచ్చిన పోరని లెక్క మనోవైద్యం నేర్చుకునుడు మొదలువెట్టిండు.

ఆయన చూసిన ఒక రోగి కథ నన్ను ఇడిసిపెట్టదు. గా మనిషి ఇరవై ఏండ్లకు మీద మంచం మీద శవం లెక్క పడి ఉన్నడు. మాట లేదు, కదలిక లేదు, గొట్టంతోని తిండి పెట్టేది. మతి లేదనే అందరు అనుకున్నరు. అరవైకి దగ్గరవడ్డంక మెల్లగ లేసిండు, మాట్లాడిండు. ఏం చెప్పిండు? ఇన్నేండ్లు తన చుట్టు జరిగిందంత తనకు అర్థమైతనే ఉండేనట. ఒళ్లంత మోయరాని బరువు, ఊపిరి తీసుకునుడే కష్టంగ ఉండేనట. మోయలేని బరువు మీద పడ్డప్పుడు మెదడు తనను తాను కాపాడుకునేటందుకు తలుపులు మూసుకుంటది అన్నది పావ్లోవ్ ఆలోచన. ఆ ఆలోచన సంగతి పక్కకు పెట్టుండ్రి. మంచం పక్కన నిలవడి మనం మాట్లాడే ప్రతి మాట గా మనిషి ఇన్నడు. పిచ్చోడు, వీనికేం తెలుస్తది అని మనిషి ముందటనే మాట్లాడేటోళ్లు ఈ ఒక్క ముక్క సదివితే సాలు.

పావ్లోవ్ ఆఖరి ఏండ్లు ఇటు గౌరవం, అటు దుఃఖం. లెనిన్‌గ్రాడ్ దగ్గర కొల్తుషి ఊర్ల ఆయన కోసం పెద్ద పరిశోధన కేంద్రం కట్టిండ్రు. తర్వాత దేశానికి తిరిగొచ్చిన కొడుకు వ్సెవొలోద్ 1935ల క్యాన్సర్‌తోని పోయిండు. అదే ఏడు ఆగస్టుల ప్రపంచ శరీరధర్మ శాస్త్రవేత్తల మహాసభ లెనిన్‌గ్రాడ్‌ల, మాస్కోల జరిగింది, ఆయననే అధ్యక్షుడు. అప్పుడే సంస్థ ఆవరణల కుక్కకు ఒక స్మారకం నిలవెట్టిండ్రు. 1936 ఫిబ్రవరి 27 నాడు, 86 ఏండ్ల వయసుల, న్యుమోనియాతోని పావ్లోవ్ కన్నుమూసిండు.

ఆయన్ను దేవుణ్ణి చేసుడు నా పని గాదు. కుక్కలు నోరులేనియి. వాటిని ఎవరూ అడగలే, అవి ఒప్పుకోలే. గుండ్రం, గుడ్డు మధ్యల ఇరికించి జబ్బు పుట్టించుడు క్రూరమే. ఎన్ని రాతి స్మారకాలు కట్టినా గా బాకీ తీరదు. ఇప్పుడు మన దేశంల సుత జంతువుల మీద ప్రయోగం చేయాలంటే నైతిక కమిటీ ముందట నిలవడాలె, వేరే తొవ్వ లేదని చూపెట్టాలె. గది మంచిది. మెదడు గురించి పావ్లోవ్ చెప్పిన సిద్ధాంతాలల్ల సుత చానా మట్టుకు తర్వాత నిలవడలే. కుక్కకు మాట లేదు, మనిషికి మాట ఉన్నది, మాటతోనే మనిషి మనసు సగం కట్టి ఉంటది. ఇది పావ్లోవ్ సుత ఒప్పుకున్నడు. స్కిజోఫ్రెనియా అసొంటి జబ్బును కుక్కల మొత్తానికి మొత్తం చూపెట్టుడు కాదు.

అయితే ఆయన ఏసిన తొవ్వ మీద ఎంతోమంది నడిచిండ్రు. ఆయన దగ్గర పనిచేసిన గాంట్ అనే అమెరికా డాక్టరు ఈ పనిని బాల్టిమోర్‌కు పట్టుకపోయిండు. జోసెఫ్ వోల్పే అనే మనోవైద్యుడు పిల్లుల మీద ఇసొంటి భయాలనే పుట్టించి, తీసేసి, 1958ల మనుషుల కోసం ఒక చికిత్స రాసిండు. భయపెట్టే సంగతికి ఒక్కసారే ఎదురు నిలవెట్టొద్దు. అన్నిటికన్న చిన్న మెట్టు కాడికెల్లి మొదలువెట్టి, నిమ్మలంగ ఒక్కొక్క మెట్టు ఎక్కించాలె. ఇందాక యాదిల పెట్టుకోమన్న ముక్క గిదే. 1914ల ఆ కుక్కను మళ్ల రెండింతల గుండ్రం కాడికి తెచ్చిన పద్ధతి కూడ గిసొంటిదే. ఇయ్యాల ఫోబియాలకు, ఆందోళనకు మనస్తత్వ నిపుణులు చేసే చికిత్సల వెనుక ఈ ఆలోచన ఉన్నది.

ఇగ మన ముచ్చటకు వద్దాం. అశోక్‌నగర్ గదులల్ల, చిక్కడపల్లి లైబ్రరీల, జిల్లా కేంద్రాల కోచింగ్ సెంటర్లల్ల ఎంతమంది మన పిల్లలు కూసొని ఉన్నరు! నోటిఫికేషన్ వస్తదా రాదా? వస్తే పరీక్ష జరుగుతదా, ఆగుతదా? ఫలితం వస్తదా, కోర్టుకు పోతదా? ఊరికి తిరిగిపోదామంటే నాయిన అమ్మిన ఎకరం కండ్ల ముందట. ఉందామంటే వయసు దాటుతున్నది. గిది తొమ్మిదికి ఎనిమిది గుండ్రం గాకపోతే ఇంకేంది? ఆశను, భయాన్ని ఒక్క తాడుకు కట్టి, దినాం తేల్చుకోమని నిలవెట్టినట్టే గదా.

అట్లున్న పిల్లకో, పిల్లగానికో నిద్ర పోతే, సదివింది యాదికి ఉండకపోతే, తెలిసిన జవాబు సుత తప్పు పెడితే, మనం ఏమంటం? గుండె ధైర్నం లేదంటం. పనిల పడితే అదే పోతదంటం. ఇంకా ముదిరితే గాలి సోకిందని తాయత్తు కడతం, లేకపోతే ఎర్రగడ్డకు తోలాలె అని నవ్వుతం. కుక్కకు ధైర్నం లేకనా విద్య పోయింది? మోయలేని బరువు మోపితే ఎసొంటి మెదడైనా కుంగుతది. కొందరిది ముందుగల, కొందరిది తర్వాత. అది గుణం తప్పు గాదు, బరువు తప్పు.

అందుకే నా మాట ఇది. బరువు మోపినోళ్లను, అంటే ఏండ్లకేండ్లు పరీక్షలను నాన్చేటోళ్లను నిలదీసుడు ఒక పని. దాన్ని మనం ఎట్లైనా చేయాలె. కని అందాక ఒరిగిపోయిన మనిషిని నిలవెట్టుడు ఇంకో పని, అది రేపటికి ఆగదు. పట్టీలు జెర వదులు చేయుండ్రి. కొన్ని దినాలు ఇంటికి తెచ్చి నిమ్మలంగ ఉంచుండ్రి. అలకటి పని కాడికెల్లి మళ్ల మొదలువెట్టనీయుండ్రి. రెండు వారాలకు మించి నిద్ర, తిండి, మాట తప్పితే జిల్లా దవాఖాన్ల మానసిక వైద్యుడు ఉంటడు, తోలుకపోండ్రి. కాలు ఇరిగితే పోమా, గిది సుత గంతే. సచ్చిపోవాలె అన్న ఆలోచన వచ్చిందంటే ఒక్క దినం సుత ఆగొద్దు. 14416 టెలి మానస్ నంబరు, ఫోను చేస్తే పైసా ఖర్చు లేదు, తెలుగులనే మాట్లాడతరు. గోలీలు రాస్తే, డాక్టరు ఆపమనే దాంక ఆపొద్దు.

నయమైనోనికి మళ్ల వస్తే సుత ఎగతాళి చేయొద్దు. తలుపు కింద సన్నగ పారిన నీళ్లకే గా కుక్క మళ్ల వణికింది. పాత భయం మొత్తానికి చెరిగిపోదు, దాని మీద కొత్త నమ్మకం పొర లెక్క పేరుకుంటది. పొర చిరిగితే మళ్ల పేర్చాలె, ఓపికతోని.

వచ్చే టెట్‌ల పావ్లోవ్ మీద బిట్టు తప్పకుంట వస్తది, మంచిగ రాయుండ్రి. గైడుల లేని ఈ బిట్టు మాత్రం మీ పక్క గదిల లైటు తీయకుంట రాత్రంత మేలుకొని ఉన్న దోస్తుకు చెప్పుండ్రి. చెప్పి, రేపు పొద్దుగాల ఆయనతోని కలిసి చాయ తాగుండ్రి.